పంటి క్యాప్ సరిగా కూర్చోవాలంటే చీటీలో లోహం పేరుండాలి

సంపాదకులకు నమస్కారం.

పంటికి వేసిన క్యాప్ కొరికినప్పుడు ఎత్తుగా తగులుతోందని, అంచు నాలుకకు గీరుకుంటోందని రోగి చెబితే సాధారణంగా రెండే అనుమానాలు వస్తాయి. డాక్టరు పన్ను సరిగా అరగదీయలేదని ఒకటి, అచ్చు సరిగా తీయలేదని రెండోది. రెండూ జరుగుతాయి, కాదనను. మూడో కారణం ఒకటుంది. దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ల్యాబులో క్యాప్‌కు వాడే లోహం మారింది, ఆ లోహాన్ని పోతపోసే పద్ధతి మారలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

లోహపు క్యాప్ తయారీ మూలంలో విగ్రహాల పోతలాంటిదే. అచ్చు నుంచి గట్టి జిప్సంతో పంటి నమూనా చేస్తారు, దాన్ని డై అంటారు. డై మీద మైనంతో క్యాప్ ఆకారం దిద్దుతారు. మైనానికి స్ప్రూ అనే సన్నని కడ్డీ అతికించి, లోహపు రింగులో నిలబెట్టి, చుట్టూ ఇన్వెస్ట్‌మెంట్ అనే మూసపిండి కలిపి పోస్తారు. అది గట్టిపడ్డాక కొలిమిలో పెడితే మైనం కాలిపోయి ఖాళీ మిగులుతుంది. కరిగిన లోహం ఆ ఖాళీలోకి వెళ్తుంది. ఈ పద్ధతిని దంతవైద్యంలో స్థిరపరిచింది 1907లో విలియం టాగర్ట్. దంతవైద్యులకు మొదటి నుంచీ ఎదురైన చిక్కు ఒకటే: చల్లారే లోహం ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునే మేరకు మూసను ముందే పెద్దది చేయాలి. ఎంత పెద్దది అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు లోహాన్ని బట్టి మారుతుంది.

సంప్రదాయ బంగారు మిశ్రమాలు పోతలో పొడవుకు సుమారు 1.4 నుంచి 1.6 శాతం ముడుచుకుంటాయి. నికెల్-క్రోమియం, కోబాల్ట్-క్రోమియం మిశ్రమాలు సుమారు 2.3 శాతం. తేడా ఒక శాతం కూడా లేదు కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 8 మి.మీ. వెడల్పున్న దవడ పన్ను డై తీసుకోండి. 0.8 శాతం తేడా అంటే 64 మైక్రాన్లు, ఒక్కో వైపు 32. అరగదీసిన పంటి గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒక్కో గోడ 3 డిగ్రీల వాలు ఉందనుకుంటే, లోపలి కొలత వైపుకు 32 మైక్రాన్లు ఇరుకైన క్యాప్ తన చోటికి చేరకముందే గోడలకు పట్టుకుంటుంది. అలా ఆగే ఎత్తు 32ను 3 డిగ్రీల టాంజెంట్ 0.052తో భాగిస్తే వస్తుంది. దాదాపు 600 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు పైనే. కంటికి కనిపించని ఇరుకు వల్ల అంచు దగ్గర కంటికి కనిపించే సందు ఏర్పడుతుంది. గోడలు ఎంత నిటారుగా ఉంటే ఈ సందు అంత పెరుగుతుంది. అంటే, క్యాప్ ఊడకుండా ఉండాలని డాక్టరు పన్నును నిటారుగా అరగదీసిన చోటే ల్యాబు పొరపాటు ఎక్కువగా బయటపడుతుంది.

ఈ సందు ఎంతవరకు ఫర్వాలేదన్నదానికి 1971లో మెక్‌లీన్, వాన్ ఫ్రౌన్‌హోఫర్ చెప్పిన 120 మైక్రాన్లే ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించే హద్దు. అతికించే సిమెంటు పొర 25 మైక్రాన్లకు మించకూడదన్నది జింక్ ఫాస్ఫేట్ సిమెంటుకు పాత ప్రమాణం. అందుకే ల్యాబులో డై మీద 25 నుంచి 40 మైక్రాన్ల మందాన స్పేసర్ పూత వేస్తారు, అంచు దగ్గర ఒక మిల్లీమీటరు మేర మాత్రం వదిలేస్తారు. ఈ పూత పోత తప్పును దిద్దుతుందనుకోవడం పొరపాటు. అది సిమెంటు కోసం ఉంచిన చోటు. ఇరుకుదనం ఆ చోటును మింగేస్తే సిమెంటు ఎటూ పోలేక క్యాప్‌ను పైకి నెడుతుంది. స్పేసర్ లేని ఆ చివరి మిల్లీమీటరులో లోహం పంటిని నేరుగా పట్టేస్తుంది. తర్వాత జరిగేది అందరికీ తెలుసు. సందులో బయటపడ్డ సిమెంటు లాలాజలంలో కొద్దికొద్దిగా కరుగుతుంది, పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది, క్యాప్ కింద పన్ను పుచ్చుతుంది. పైన క్యాప్ ఉండటంతో ఆ పుచ్చు చాలాకాలం కనపడదు.

ఇప్పుడు మూసపిండి సంగతి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బంగారానికి పూర్వం నుంచీ వాడేది జిప్సం కలిసిన ఇన్వెస్ట్‌మెంట్. దాన్ని 700 డిగ్రీల సెల్సియస్ దాటి వేడి చేయకూడదు. అంతకు మించితే కార్బన్ సమక్షంలో అందులోని కాల్షియం సల్ఫేట్ విడిపోయి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది, బంగారు పోతను అది పెళుసు చేస్తుంది. నికెల్-క్రోమియం మిశ్రమాల్లో చాలావరకు 1,200 డిగ్రీలు దాటితేగాని పూర్తిగా కరగవు. ఆ వేడికి జిప్సం మూస నిలవదు. కాబట్టి వీటికి, పైన పంటి రంగు పింగాణీ వేసే బంగారు మిశ్రమాలకు కూడా, ఫాస్ఫేట్ ఇన్వెస్ట్‌మెంట్ తప్పనిసరి. ఇంతవరకు ఎవరూ పొరబడరు. పొరపాటు ఆ తర్వాతి మెట్టులో ఉంది.

ఫాస్ఫేట్ పొడిని కలిపే ద్రవం ఉత్త నీళ్లు కాదు, నీటిలో తేలే అతి సన్నని సిలికా. ఈ ద్రవాన్ని ఎంత చిక్కగా వాడితే మూస అంత ఎక్కువగా వ్యాకోచిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపి పలచన చేస్తే వ్యాకోచం తగ్గుతుంది. అంటే ద్రవం, నీళ్ల పాళ్లే ల్యాబు చేతిలో ఉన్న మీట. విలువైన లోహాలకు పలచన చేసి, నికెల్, కోబాల్ట్ మిశ్రమాలకు చిక్కగా లేదా అసలు నీళ్లే కలపకుండా వాడాలి. బంగారు-పల్లాడియానికి అలవాటైన పాళ్లతోనే నికెల్-క్రోమియం రింగు కూడా కలిపేస్తే పైన వేసిన లెక్క అక్షరాలా నిజమవుతుంది. తిరగేసి చేసినా నష్టమే. నికెల్‌కు కలిపిన మూసలో బంగారు మిశ్రమం పోస్తే క్యాప్ వదులై డై మీద ఊగుతుంది. వదులుగా ఉంటే సిమెంటు నింపుతుందిలే అని కొందరంటారు. అది సరికాదు. మూస మరీ ఎక్కువ ఉబ్బితే అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. గట్టిపడే దశలో పుట్టే వేడికి మైనం మెత్తబడి, పలచని అంచులు వంకరపోతాయి. అలాంటి క్యాప్ ఒకవైపు వదులుగా, ఇంకోవైపు బిగుతుగా ఉంటుంది.

పాళ్లు సరిగా తెలిసినా కలిపే చేతి వల్ల తేడా వస్తుంది. ద్రవాన్ని కంటి అందాజుతో పోయకూడదు, సిరంజితో కొలవాలి. చిన్న ప్యాకెట్‌కు ఒక్క మిల్లీలీటరు అటూఇటూ అయితే దాదాపు పదో వంతు తేడా పడినట్టే. ద్రవం మొత్తంగా ఎక్కువై పిండి జారుగా ఉంటే వ్యాకోచం తగ్గుతుంది. ఒకసారి గడ్డకట్టిన సిలికా ద్రవం మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. తేమ తగిలిన పొడి కూడా అంతే. వేడి గదిలో పొడి, ద్రవం రెండూ వేడిగా ఉంటే పిండి తొందరగా గట్టిపడుతుంది, వ్యాకోచమూ అనుకున్నట్టు రాదు. కలపడం వాక్యూమ్ మిక్సర్‌లోనే జరగాలి. చేత్తో కలిపితే గాలిబుడగలు మైనానికి అతుక్కుంటాయి. ఒక్కో బుడగ పోత తర్వాత క్యాప్ లోపల ఒక లోహపు గుండు అవుతుంది.

రింగు లోపల వేసే మెత్తని లైనర్ గురించి కూడా చెప్పాలి. గట్టి ఉక్కు రింగు మూసను ఉబ్బనివ్వదు. లైనర్ ఉంటే మూసకు కాస్త కదిలే చోటు దొరుకుతుంది. సుమారు 1 మి.మీ. మందం ఉండాలి, రింగు అంచుకు 3 మి.మీ. లోపలే ఆపాలి, లేకపోతే మూస రింగులోంచి జారుతుంది. తడి లైనర్ మూసకు నీరిచ్చి వ్యాకోచాన్ని పెంచుతుంది, పొడి లైనర్ అలా చేయదు. ఈరోజు తడిపి, రేపు పొడిగా, ఒకసారి ఒక పొర, ఇంకోసారి రెండు పొరలు వేస్తే ఒకే లోహం, ఒకే పొడి వాడినా క్యాప్‌లు రోజుకో కొలతలో వస్తాయి. ఏ పద్ధతి పాటించినా ఫర్వాలేదు, దాన్ని మార్చకుండా పాటించాలి.

మైనం దిద్దాక ఆలస్యం చేయకూడదు. దిద్దేటప్పుడు మైనంలో బిగిసిన ఒత్తిడి నెమ్మదిగా విడుదలై ఆకారం మారుతుంది. అంచులు చివరిసారి సరిచేసిన వెంటనే, వీలైతే అరగంటలోపే, మూసపిండి పోసేయాలి. రాత్రంతా బల్ల మీద వదిలేసిన మైనపు క్యాప్‌ను తెల్లారి అంచు సరిచూడకుండా వాడకూడదు.

స్ప్రూ కడ్డీ దవడ పంటికి 2.5 మి.మీ. మందం ఉండాలి. మైనం అన్నిటికన్నా మందంగా ఉన్నచోట, కొరికే ఒత్తిడి పడని మొన మీద, 45 డిగ్రీల వాలులో అతికించాలి. లోహం నేరుగా చదునైన గోడను ఢీకొనకూడదు. స్ప్రూ సన్నగా ఉంటే క్యాప్‌కన్నా ముందే గడ్డకడుతుంది. అప్పుడు ముడుచుకునే క్యాప్‌కు కొత్త లోహం అందదు, స్ప్రూ అతికిన చోట లోపలి వైపు చిల్లులు పడతాయి. మైనం పైభాగానికి, రింగు చివరకు మధ్య జిప్సం మూసలో 6 మి.మీ., ఫాస్ఫేట్‌లో 3 నుంచి 4 మి.మీ. మూసపిండి ఉండాలి. అంతకన్నా పలచనైతే లోహం మూసను చీల్చుకుని బయటపడుతుంది. మందమైతే లోపలి గాలి బయటకు పోలేక అంచులు గుండ్రంగా, పొట్టిగా వస్తాయి.

కొలిమిలో తొందరపాటు పనికిరాదు. మూసలోని సిలికా రూపాలైన క్రిస్టోబలైట్ 200 నుంచి 270 డిగ్రీల మధ్య, క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతాయి. ఆ మెట్టుల్లో వేడి వేగంగా ఎక్కితే మూస బీటలు వారుతుంది. బీటలో పారిన లోహం పోత మీద పలచని రెక్కలా నిలబడుతుంది, అది అంచు మీదే వస్తే క్యాప్ పోయినట్టే. 250 నుంచి 300 డిగ్రీల దగ్గర కాసేపు ఆపి, తర్వాత మెల్లగా పెంచాలి. నికెల్, కోబాల్ట్ మిశ్రమాలకు చివరి వేడి తయారీదారు చెప్పిన మేరకు సాధారణంగా 850 నుంచి 950 డిగ్రీలు. ఆ వేడిలో రింగును అరగంట నుంచి గంటదాకా ఉంచాలి. కొలిమి అద్దం మీద కనిపించే అంకె కొలిమి వేడిది. మూస నడిమధ్యకు ఆ వేడి చేరడానికి టైమ్ పడుతుంది. కొలిమి నిండా రింగులు పెట్టిన రోజు ఇంకా ఎక్కువ పడుతుంది. మైనం పూర్తిగా కాలక కార్బన్ మిగిలితే గాలి పోయే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. బయటకు తీసిన రింగు చల్లారుతూ ముడుచుకుంటుంది, కష్టపడి తెచ్చిన వ్యాకోచమంతా పోతుంది. కాబట్టి తీసిన నిమిషంలోపే పోత అయిపోవాలి.

ఈమధ్య మైనం బదులు ప్రింటర్‌లో రెజిన్‌తో క్యాప్ ఆకారం చేస్తున్నారు. రెజిన్ మైనంలా కరిగి కారిపోదు, ముందు ఉబ్బుతుంది, తర్వాత కాలుతుంది. మైనానికి పెట్టిన వేడి క్రమంలోనే దాన్నీ పెడితే లోపలి నుంచి మూస పగులుతుంది. వేడి ఇంకా నెమ్మదిగా ఎక్కాలి, మధ్యలో ఎక్కువసేపు ఆగాలి. లేజర్‌తో కోబాల్ట్-క్రోమియం పొడిని పొరలుగా కరిగించి చేసే క్యాప్‌కు మూస అవసరమే లేదు. అయితే పలక మీద నుంచి కోసేముందు వేడిచేసి లోపలి ఒత్తిడి తీయాలి, లేకుంటే కోసిన క్షణంలోనే వంకరపోతుంది.

లోహం కరిగించడంలో బంగారానికి, నికెల్‌కు చూసే కన్ను వేరు. బంగారు మిశ్రమం పోతకు సిద్ధమైనప్పుడు అద్దంలా మెరుస్తూ, క్రూసిబుల్ (లోహం కరిగించే గిన్నె) కదిపితే మంట కింద వణుకుతుంది. నికెల్-క్రోమియం అద్దంలా ఎప్పటికీ మెరవదు, పైన ఆక్సైడ్ పొర కప్పుకునే ఉంటుంది. కడ్డీల మొనలు గుండ్రబడి, ఒక్కో కడ్డీ కూలి, లోపలి నీడ పోగానే పోత వదలాలి. మెరుపు కోసం ఎదురుచూస్తూ ఇంకా కాలిస్తే లోహం వాయువులను పీల్చుకుని చిల్లులు పడుతుంది, పోత గరుకుదేలుతుంది. మంట తప్పు భాగం తగిలినా, గ్రాఫైట్ క్రూసిబుల్ వాడినా నికెల్, పల్లాడియం మిశ్రమాల్లో కార్బన్ చేరుతుంది. ఇండక్షన్ యంత్రం ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఒక్కో మిశ్రమానికి ఒక్కో క్రూసిబుల్ ఉండాలి, అందులో ఇంకోటి కరిగించకూడదు.

బరువు సంగతి కూడా మరవకూడదు. బంగారు మిశ్రమం సాంద్రత 15 పైచిలుకు, నికెల్-క్రోమియానిది 8 పరిసరాల్లో. స్ప్రింగుతో తిరిగే పోత యంత్రంలో తేలికైన లోహానికి మూసలోకి దూసుకుపోయే బలం తక్కువ. బంగారానికి స్ప్రింగు మూడు చుట్లు తిప్పితే సరిపోతుంది, నికెల్‌కు నాలుగైదు కావాలి. మూడుకే ఆపితే పలచని అంచు చివరిదాకా లోహం నిండదు.

పోత తర్వాత మిగిలే లోహపు ముద్దను, అంటే బటన్‌ను, మళ్లీ కరిగించే అలవాటుంది. విలువైన మిశ్రమాల్లో కనీసం సగం కొత్త లోహం కలిపితే వాడవచ్చు. నికెల్, కోబాల్ట్ మిశ్రమాల్లో వద్దు. ప్రతి కరుగులోనూ మిశ్రమంలో కొంత ఆక్సైడ్‌గా మారి పోతుంది, పింగాణీ పట్టు మీద నమ్మకం ఉండదు.

పోత బయటికొచ్చాక మొదటి పని దాన్ని డై మీద పెట్టడం కాదు. ఈ ఒక్క మాట ప్రతి ల్యాబు బల్ల మీదా రాసి ఉండాలని నా కోరిక. ముందు 10 రెట్లు చూపే భూతద్దం కింద క్యాప్ లోపలి వైపు చూడాలి. ఆవగింజలో పదో వంతు ఉన్న గుండు కూడా క్యాప్‌ను ఆపుతుంది. దాన్ని చిన్న రౌండ్ బర్‌తో తీసేయాలి. చూడకుండా డై మీద నొక్కితే ఆ గుండు జిప్సం డైని గీరేస్తుంది. రెండోసారి నొక్కేసరికి గీరిన చోట క్యాప్ హాయిగా కూర్చుంటుంది, చూసినవాళ్లు అమరిక బాగుందనుకుంటారు. నోట్లోని పన్ను జిప్సం కాదు, అరిగి దారివ్వదు. "డై మీద భేషుగ్గా కూర్చుంది, నోట్లోనే కూర్చోవడం లేదు" అన్న మాట వినిపిస్తే ముందు చూడాల్సింది డై గోడ మీద గీత ఉందా అనే. ఎర్రని, ఆకుపచ్చని రంగు స్ప్రే లోపల వేసి మెల్లగా పెట్టి తీస్తే రంగు చెరిగిన చుక్క దగ్గరే అడ్డం ఉందని తెలుస్తుంది. అక్కడ మాత్రమే తీయాలి. లోపలంతా శాండ్‌బ్లాస్ట్ చేసి, అంటే గరుకు పొడిని గాలితో చిమ్మి, వదులు చేయడం దిద్దుబాటు కాదు, అంచు పలచనవుతుంది. పైగా నికెల్ అంచును బంగారం అంచులా మెత్తగా రుద్ది పంటికి చేర్చలేం, అది అలా సాగదు. బంగారంలో చిన్న లోపాన్ని చేయి సరిచేసేది, నికెల్‌లో ఆ అవకాశం లేదు. అందుకే నికెల్ క్యాప్ పోతలోనే సరిగా రావాలి.

పింగాణీ వేసే క్యాప్ అయితే ఇంకో పరీక్ష ఉంది. లోహాన్ని మొదటిసారి ఆక్సైడ్ కోసం 900 డిగ్రీలకు పైన కాల్చినప్పుడే అంచు తెరుచుకునే ప్రమాదం ఎక్కువ. ఆ వేడికి బంగారు మిశ్రమం కాస్త కుంగుతుంది కాబట్టి లోహపు గోడ 0.5 మి.మీ. ఉండాలి. నికెల్-క్రోమియం అంతగా కుంగదు, 0.3 మి.మీ. చాలు. ఆ మొదటి కాల్పు తర్వాత, పింగాణీ పెట్టకముందే, అంచు మళ్లీ చూడాలి. పింగాణీ పెట్టాక తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

కొన్ని నికెల్ మిశ్రమాల్లో సుమారు 2 శాతం దాకా బెరీలియం కలిపేవారు. దానివల్ల లోహం జారుగా పారి పోత చక్కగా వస్తుంది, అందుకే పాత చేతులకు అది ఇష్టం. కానీ దాని ఆవిరి, పొడి పీల్చిన సాంకేతికుల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఐఎస్ఓ 22674 ప్రమాణం ప్రకారం బెరీలియం, కాడ్మియం, సీసం ఒక్కోటి 0.02 శాతం మించకూడదు. నికెల్ 0.1 శాతం మించితే ప్యాకెట్ మీద రాయాలి. నికెల్ పడని రోగులకు ఈ వివరం ఎంతో అవసరం. బెరీలియం లేని మిశ్రమానికి మారిన ల్యాబు కరిగించే వేడి, స్ప్రింగు చుట్లు మళ్లీ సరిచూసుకోవాలి. పాత అలవాటుతో పోస్తే అంచులు నిండవు. మూస పగలగొట్టేటప్పుడు, శాండ్‌బ్లాస్ట్ చేసేటప్పుడు లేచే సిలికా దుమ్ము కూడా ఊపిరితిత్తులకు హానే. మూసను తడిపి పగలగొట్టాలి, దుమ్ము లాగే యంత్రం దగ్గర పని చేయాలి.

ఇన్ని వివరాలు రాయడానికి కారణం ఒకటే. డాక్టరు ల్యాబుకు పంపే చీటీలో చాలాసార్లు "మెటల్ క్యాప్" అనే రెండు మాటలే ఉంటాయి. ఏ మెటల్ అన్నది ల్యాబు తనకు తోచినట్టు నిర్ణయిస్తుంది, మార్చినప్పుడు చెప్పదు. డాక్టరు చీటీలో మిశ్రమం పేరు, అది నికెల్ ఉన్నదా లేనిదా అన్నది రాయాలి. ల్యాబు తిప్పి పంపే చీటీలో మిశ్రమం పేరు, బ్యాచ్ నంబరు, ఇన్వెస్ట్‌మెంట్ పేరు, ద్రవం-నీళ్ల పాళ్లు, చివరి కొలిమి వేడి ఉండాలి. మిశ్రమం మార్చిన ప్రతిసారీ రోగి పనికి ముందు ఒకే డై మీద మూడు వేర్వేరు పాళ్లతో మూడు రింగులు పోసి, భూతద్దం కింద అంచులు పోల్చి, సరిపోయిన పాళ్లు గోడ మీద అంటించాలి. డాక్టరు అతికించే ముందు క్యాప్ లోపల పలచని సిలికాన్ ముద్ద వేసి పంటి మీద పెట్టి చూడాలి. సిలికాన్ పొర చిరిగి లోహం బయటపడ్డ చోటే క్యాప్ తగులుకుంటోంది. రోగి కూడా ఆ పరీక్ష చేశారా అని, ఏ లోహం వేశారని అడిగి, ఆ చీటీ నకలు తీసుకుని దాచుకోవాలి. పదేళ్ల తర్వాత ఇంకో డాక్టరు ఆ క్యాప్ తీయాల్సి వచ్చినా, నికెల్ పడదని అప్పుడు తెలిసినా, నోట్లో ఉన్నదేమిటో చెప్పగలిగేది ఆ కాగితమే.

ఇట్లు,
ఒక డెంటల్ ల్యాబ్ సాంకేతిక నిపుణుడు